ఈ వస్తువుది ఏ ఊరు? శ్రీలంకలో ఎనిమిది రోజుల బేరాలు

బయల్దేరక ముందు, నెల్లూరు

నెల్లూరు చిన్నబజారులో మాది ఫ్యాన్సీ షాపు. గాజులు, రిబ్బన్లు, ఫొటో ఫ్రేములు, కీచైన్లు, పుట్టినరోజుకిచ్చే బొమ్మలు. సరుకు నెలకు రెండుసార్లు మద్రాసు షావుకారుపేట నుంచి తెచ్చుకుంటాను. ముందే ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, విదేశాలకు వెళ్ళొచ్చిన మనవాళ్ళు ఎంతో ప్రేమగా చేతిలో పెట్టే బొమ్మల్లో సగం నా కొట్లో డజన్ల లెక్కన వేలాడుతుంటాయి. పోయినేడు మా పక్క వీధి పెద్దాయన సింగపూర్ నుంచి సింహం తల కీచైన్ తెచ్చిచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. అదే రింగు, అదే గొలుసు, వెనకాల అదే అతుకు. ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాను.

అందుకే మేం శ్రీలంకకు టికెట్లు తీసుకున్నప్పుడు నాకు గుళ్ళూ సముద్రాల కంటే సంచుల గురించే ఎక్కువ టెన్షన్. వెళ్ళేది నలుగురం. నేను, మా ఆవిడ, మా మరదలు, ఒంగోల్లో స్కూలు టీచరుగా చేసే మా తోడల్లుడు. జాబితాలు వాటంతట అవే వచ్చిపడ్డాయి. అత్తగారికి దాల్చినచెక్క. మా అమ్మాయి అత్తారింటికి టీపొడి. ఏలినాటి శని నడుస్తున్న బావమరిదికి నీలం రాయి. మా అమ్మ మాత్రం ఒకే మాట చెప్పింది: "బొమ్మలు తేబాకండి నాయనా. ఉన్నవి తుడవలేకే చస్తన్నా. వంటింట్లో పనికొచ్చేది ఏదైనా ఉంటే తెండి."

కొత్త మనిషి ఎదురైతే "మీదే ఊరు?" అని అడక్కుండా మనకు మాట సాగదు గదా. ఈసారి వస్తువులనూ అదే అడగాలని నిశ్చయించుకున్నాను. ఏ ఊళ్ళో చేశారో అమ్మేవాడికి తెలిస్తే కొనాలి. తెలియకపోతే దాన్ని షావుకారుపేటలోనే కొనుక్కోవచ్చు.

మొదటి రోజు

తెల్లవారుజామున మూడింటికి కారెక్కాం. సూళ్ళూరుపేట దాటేదాకా అందరూ నిద్ర. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నరలోపే కటునాయక, అంటే కొలంబో ఎయిర్‌పోర్టున్న ఊరు. మా ఇంటి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు.

బయటికి రాకముందే వరసగా బ్యాంకుల కౌంటర్లు ఉన్నాయి. డబ్బు అక్కడే మార్చుకుని రసీదు దాచుకున్నాం. మేం వెళ్ళినప్పుడు మన రూపాయికి వాళ్ళ రూపాయలు మూడున్నర దాకా వచ్చాయి. దీనివల్ల ఒక చిక్కుంది. ధర వినగానే గుండె గుభేలుమంటుంది. భాగించి చూసుకుంటే "ఇంతేనా" అనిపిస్తుంది. ఆ "ఇంతేనా" దగ్గరే చెయ్యి జారుతుంది. భాగాహారాల బాధ్యత మా తోడల్లుడికి అప్పగించాం. చివరి రోజుకు ఆయన నిద్రలో కూడా భాగిస్తున్నాడని మా మరదలి ఫిర్యాదు.

వ్యాన్ డ్రైవరు కాండీ వైపు తమిళ అబ్బాయి. నెల్లూరు వ్యాపారస్తుడికి తమిళం రాకపోతే షావుకారుపేటలో పనే జరగదు కాబట్టి నాకు భాష ఇబ్బంది లేదు. నేను "తంబీ" అన్నాను, అతను "అన్నే" అన్నాడు.

సాయంత్రం గాల్ ఫేస్ మైదానంలో సముద్రం ఒడ్డున ఇస్సో వడ తిన్నాం. పప్పు వడ మీద పొట్టుతో సహా రొయ్యలు అద్ది వేయిస్తారు. ఊరి చుట్టూ రొయ్యల గుంటలున్న నెల్లూరులో ఈ ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదో!

రెండో రోజు: కొలంబో పేట

కొలంబోలో పెద్ద బజారును ఇంగ్లీషులో పెట్టా అంటారు. సింహళంలో పిటకొటువ, తమిళంలో పురక్కోట్టై. రెండింటికీ కోట బయటిది అనే అర్థం. ఆ పెట్టా ఇంకేదో కాదు, మన పేటే. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట గల్లీల్లో బస్తాల మధ్య పెరిగిన నాకు అక్కడ దిగగానే ఊపిరి ఆడినట్టయింది. మా ఆవిడకు మాత్రం ఆడలేదు.

అక్కడ వీధికొక వ్యాపారం. మెయిన్ స్ట్రీట్ నిండా బట్టలు. సీ స్ట్రీట్‌లో బంగారం కొట్లు, వాటి మధ్య కదిరేశన్ (మురుగన్) కోవెళ్ళు. మా నెల్లూరు ఆచారి వీధిని సాగదీసినట్టుంది. గాబోస్ లేన్‌లో ఆయుర్వేదం సరుకు, ఎండు వేళ్ళు, బెరళ్ళు, దినుసులు. ముక్కు మూసుకున్నా వాసనను బట్టి ఏ వీధిలో ఉన్నామో చెప్పొచ్చు. సెకండ్ క్రాస్ స్ట్రీట్‌లో ఎరుపు తెలుపు ఇటుకల మసీదు ఉంది, 1908లో మొదలుపెట్టి కట్టారట. దాని ముందు నిలబడి ఫొటో దిగుదామంటే తోపుడుబళ్ళు లాగే నాట్టామీలు నిలబడనివ్వరు. వాళ్ళ అరుపుకు పక్కకు తప్పుకోకపోతే చక్రం కాలి మీదికే వస్తుంది.

ఒక కొట్లో నల్ల చెక్క ఏనుగులు కనిపించాయి. మా మరదలు నాలుగు ఏరింది. నేను చేతిలోకి తీసుకుని చూశాను. పొట్ట కింద అచ్చు గీత. చెక్క కాదు, పోత. నా కొట్లో రెండో అరలో ఉన్నవే. "ఇదు ఎంద ఊరు?" అని అడిగాను. కొట్టాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, నేనూ కౌంటరు వెనక కూర్చునేవాణ్ణేనని కనిపెట్టేశాడు. "పెట్టి ఊరు, అన్నే" అని పకపకా నవ్వాడు. అట్టపెట్టె ఏ ఊరి నుంచి వస్తే అదే దాని ఊరట. తర్వాత మా ఇద్దరికీ టీ తెప్పించి, మీ దగ్గర గ్రోసు (పన్నెండు డజన్లు) ఎంత పడుతుంది అని ఆరా తీశాడు. మా మరదలికి మాత్రం నా మీద కోపం సాయంత్రం దాకా తగ్గలేదు.

బేరం గురించి ఒక మాట. మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా సగానికి సగం అడగాలని ఎవరో చెప్పి పంపిస్తారు. కొట్టు నడిపేవాడిగా చెబుతున్నా, ఆ లెక్క తప్పు. పేటలో పక్కింటివాళ్ళు కొనే సరుకు, అంటే లుంగీలు, గిన్నెలు, చాపలు, మసాలా దినుసుల మీద లాభం సన్నగా ఉంటుంది. పది శాతం తగ్గితే గొప్ప. టూరిస్టు సరుకుకే మూడింతలు చెబుతారు. పొద్దున్నే వెళితే ఇంకా మేలు. బోణీ బేరం పోగొట్టుకోవడం మనలాగే వాళ్ళకూ ఇష్టం ఉండదు. ఇంకొకటి, నచ్చిన వస్తువును రెండు చేతులా పట్టుకుని మొగుడి వైపు చూడకూడదు. అక్కడితో ధర ఖాయమైపోతుంది. ఇది మా ఆవిడకు పాతికేళ్ళుగా చెబుతున్నాను.

ఫుట్‌పాత్ మీద ఒక పెద్దావిడ కొబ్బరి చిప్ప గరిటెలు పెట్టుకుని కూర్చుంది. చిప్పను నున్నగా గీసి, రెండు బెజ్జాలు పెట్టి, కర్ర పిడి దూర్చినవి. వాళ్ళ భాషలో పొల్ కటు హంద. మ్యూజియం వస్తువు కాదు, అక్కడ ప్రతి వంటింట్లో కూర కలిపేది దీంతోనే. ఏ ఊరిదని అడిగితే తడుముకోకుండా కురునేగల అంది. కొబ్బరితోటల ప్రాంతం. ఆరు తీసుకున్నాం. ఆమె చెప్పిన ధరకు తోడల్లుడు భాగాహారం చేసి, బేరమాడొద్దన్నట్టు నాకు కళ్ళతోనే సైగ చేశాడు.

సాయంత్రం లక్‌సలకు వెళ్ళాం. మన లేపాక్షి దుకాణాల్లాగా అది ప్రభుత్వం నడిపే హస్తకళల కొట్టు. కొలంబో, కాండీ, గాల్ ఊళ్ళలో ఉంది. ఇత్తడి దీపాలు, ముసుగులు, బాతిక్ బట్టలు, చాపలు అన్నీ ధర చీటీతో ఉంటాయి. బేరం లేదు. కొన్ని బయటికంటే ఎక్కువే. కానీ ఏది నిజం చెక్క, దానికి ఎంత ధర న్యాయం అనేది అక్కడ ఒక గంట తిరిగితే తెలిసిపోతుంది. పొద్దున పేటకు వెళ్ళే ముందే ఇక్కడికి రావాల్సింది. మేం తిరగేసి చేశాం.

మూడో రోజు: కాండీ దారి

రైలు మంచిదని అందరూ చెప్పారు. నేను రోడ్డే కావాలన్నాను. కొలంబో నుంచి కాండీకి వెళ్ళే రోడ్డు మీద ఒక్కో ఊరు ఒక్కో సరుకు. ముందు కాజుగమ వస్తుంది. పేరులోనే కాజు ఉంది. రోడ్డు పక్కన వరసగా ఆడవాళ్ళు జీడిపప్పు పళ్ళేలతో నిలబడి చెయ్యూపుతారు. తర్వాత రడవడున్న, ఊరంతా పేము కుర్చీలూ బుట్టలే. కేగల్ల దగ్గర మొలగొడలో కుండలు, మట్టి దీపాలు. మన హైవే మీద ఒక ఊళ్ళో పుచ్చకాయలు, ఒక ఊళ్ళో నిమ్మకాయలు అమ్ముతుంటారే, ఆ తీరన్నమాట. ఇలాంటి దారిలో "ఏ ఊరు" అని అడగక్కర్లేదు. ఊరే వచ్చి కారు ముందు నిలబడుతుంది.

మా ఆవిడ మొలగొడలో మూత ఉన్న మట్టి చట్టి ఒకటి కొంది. చేపల పులుసుకు. నెల్లూరు నుంచి వచ్చి చేపల పులుసు చట్టి పరదేశంలో కొనడమేమిటని అడిగితే, "మన దగ్గర ఇప్పుడు అన్నీ నాన్‌స్టిక్కే గదా" అంది. ఆ మాట నిజమే కాబట్టి చట్టిని ఒళ్ళో పెట్టుకుని మిగిలిన వారమంతా ప్రయాణం చేశాను.

కాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంతమందిరం చూసుకుని బయటికి వస్తుంటే, మా తోడల్లుడు పిల్లలకు చెప్పినట్టు చరిత్ర ఎత్తుకున్నాడు. కాండీని 1739 నుంచి ఏలిన చివరి రాజులు మధుర నాయక వంశంవాళ్ళు, తెలుగు మూలాలున్నవాళ్ళు. ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహను 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని వేలూరు కోటకు పంపించారు. 1832లో ఆయన అక్కడే పోయాడు. మనవాళ్ళు పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రికి పరుగెత్తే వేలూరే. ఇన్నిసార్లు వెళ్ళాం, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఇక ఆ రోజుకు నాకు బాగా నచ్చింది దుంబర చాప. హన అనే నార మొక్క ఆకులను గీకి, నార తీసి, రంగులద్ది, నేల మగ్గం మీద నేస్తారు. ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో జింకలు, ఏనుగులు, గళ్ళు. ఈ నేతపనిని 2021లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. నేసేవాళ్ళు ఇప్పుడు కాండీ దగ్గరి కొద్ది పల్లెల్లోనే ఉన్నారు. సరస్సు పక్కనున్న కళాకారుల సంఘం దుకాణంలో ఒక గోడచాప కొన్నాం. మా మరదలు వేలితో నేత తడుముతూ, "అక్కా, వెంకటగిరిలో అంచు జాంధానీ చూసినట్టు లేదూ" అంది. రంగుల అమరిక వేరు, నార గరుకు వేరు. కానీ ఒక్కో పోగు చేత్తో ఎత్తి బొమ్మ తీసే ఆ ఓపిక మాత్రం అదే.

నాలుగో రోజు: పున్నమి

పొద్దున లేచేసరికి బజారు మూత. శ్రీలంకలో ప్రతి పున్నమికీ పోయ అని సెలవు. మందు అమ్మరు, చాలా కొట్లు తెరవరు. జనమంతా తెల్లబట్టల్లో గుళ్ళకు పోతుంటారు. వెళ్ళేవాళ్ళు ఒకసారి పంచాంగం చూసుకుని టికెట్లు తీసుకుంటే మంచిది. తిథులు చూడకుండా ప్రయాణం పెట్టుకున్నందుకు ఫోన్లో మా అమ్మ చేత చీవాట్లు తిన్నాను.

కొట్లు లేవుగదా, దంబుల్ల గుహలు చూద్దామని బయల్దేరాం. దారిలో మాతలె దగ్గర మసాలా తోటలు. ఇవి మాత్రం టూరిస్టుల కోసం తెరిచే ఉన్నాయి. ఒక తోట ముందు వ్యాన్ ఆగింది. ప్రవేశానికి టికెట్ లేదు. టికెట్ లేని చోట ఖర్చు ఎక్కువని నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? అయినా దిగాను.

తెల్లకోటు వేసుకున్న మనిషి మిరియపు తీగ, ఏలకుల దుబ్బు, జాపత్రి చూపించాడు. అది బాగుంది. తర్వాత బల్లల మీద కూర్చోబెట్టి మోకాళ్ళకు నూనె మర్దన మొదలుపెట్టారు. మా ఆవిడ మోకాలి నొప్పి అయిదు నిమిషాల్లో ఎగిరిపోయిందట. నొప్పితోపాటు నా పర్సూ తేలికైంది. మూడు నూనె సీసాలు, ఒక తైలం డబ్బా. ఊరడగడం మరిచిపోయాను. సాయంత్రం ఒక మందుల షాపులో దాదాపు అలాంటి నూనే నాలుగో వంతు ధరకు కనిపించింది. మా తోడల్లుడు భాగించబోతుంటే వద్దని చెయ్యి పట్టుకున్నాను. డ్రైవరు తంబి అద్దంలోంచి నా ముఖం చూసి మెల్లగా అన్నాడు, అక్కడ ఆపితే డ్రైవర్లకు వాటా ఉంటుందని. "నువ్వు తీసుకున్నావా?" అన్నాను. తలూపాడు. అబద్ధం చెప్పలేదు కాబట్టి కోపం రాలేదు. ఇక మీద ఆపే ముందు నన్ను అడగమన్నాను. ఆ తర్వాత ఎక్కడా అడక్కుండా ఆపలేదు.

దంబుల్లలో కొండ దిగుతుంటే చెయ్యి చూసి జోస్యం చెప్పే ఒక ఆవిడ ఎదురైంది. మేం మాట్లాడుకునేది విని ఆగిపోయింది. తర్వాత తెలుగులో మాట్లాడింది! యాస మనది కాదు, కొన్ని మాటలు అర్థం కాలేదు, కానీ తెలుగే. పాములాడించి, చేతులు చూసి బతికే అహికుంటక అనే తెగవాళ్ళు తరతరాలుగా ఇక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. సింహళదేశం నడిమధ్యన, కొండ మెట్ల మీద, ఆవిడ మా నలుగురినీ చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఊరు మీది?"

నెల్లూరు అంటే ఆమెకు తెలియలేదు. ఒంగోలు అన్నా తెలియలేదు. మా ఆవిడ చెయ్యి చాపింది. ఆ జోస్యం ఏమిటో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

అయిదో రోజు: టీ

కాండీ నుంచి నువర ఎలియకు కొండదారి. పచ్చటి టీ తోటలు. 1867లో జేమ్స్ టేలర్ కాండీ దగ్గర లూల్‌కందురలో మొదటి తోట వేసేనాటికి ఇక్కడంతా కాఫీనే. తర్వాత కాఫీకి ఆకు తెగులు వచ్చి తోటలు పోయాక టీ నిలబడింది.

రోడ్డు పక్క ఫ్యాక్టరీలోకి వెళ్ళి ఆకు వాడబెట్టడం, నలపడం, పులియనివ్వడం, ఎండబెట్టి జల్లెడ పట్టడం చూశాం. నాకు పనికొచ్చింది చివర్లో చెప్పిన జల్లెడ పాఠం. పొడుగాకు ఓపీ రకం పాలు లేకుండా తాగేవాళ్ళకు. చిన్న నలుసు బీఓపీఎఫ్ రకం త్వరగా దిగుతుంది, చిక్కగా ఉంటుంది, మన పాల టీకి అదే సరి. పైగా నువర ఎలియ టీ పలచన, సువాసన ఎక్కువ. మనవాళ్ళు పాలు పోసి మరగబెడితే ఆ వాసన ఎటో పోతుంది. ముదురు రంగు కావాలంటే దక్షిణాన పల్లపు నేలల్లో పండే రుహున టీ కొనుక్కోవాలి. కొండ మీద నిలబడి కొండ టీ కొనొద్దని చెప్పిన ఆ గుమస్తా మీద నాకు గౌరవం పెరిగింది. పెట్టె మీద కత్తి పట్టిన సింహం ముద్ర ఉందో లేదో చూసుకోమన్నాడు. అది టీ బోర్డు ముద్ర. ఆకు మొత్తం శ్రీలంకదే, ప్యాకింగూ అక్కడే జరిగిందని దాని అర్థం. ఉత్త 'సిలోన్ టీ' అని రాసుకుంటే అది వట్టి రాత.

ఆరో రోజు: రత్నపుర

రోజంతా దిగుడు ప్రయాణం, వాంతులు, అల్లం మిఠాయి.

మధ్యాహ్నం రత్నపురలో ఆగాం. పేరుకు తగ్గట్టే వీధిలో మనుషులు మడత కాగితాలు విప్పి రాళ్ళు చూపిస్తుంటారు. నీలాలు, వైడూర్యాలు, గోమేధికాలు. బావమరిదికి వీడియో కాల్ చేశాను. వీధిలో ఒకతను అరచేతిలో నీలం పెట్టి ఫోనుకు చూపించాడు. మా బావమరిది అక్కడి నుంచి "తీసుకో బావా, తీసుకో" అని కేకలు. నేను తీసుకోలేదు. చాలా నీలాలకు వేడి పెట్టి రంగు తేలుస్తారు, అది అక్కడ మామూలు సంగతే, దాచిపెడితేనే మోసం. చూపుతో పట్టుకోవడం మనవల్ల కాదు. కొలంబోలో నేషనల్ జెమ్ అండ్ జ్యువెలరీ అథారిటీ వాళ్ళు రాయిని పరీక్షించి చెబుతారు. పెద్ద కొట్లో, రాయి పరీక్ష చేయించాకే కొంటానంటే ఒప్పుకునేవాడి దగ్గర కొనాలి. మాకు అంత తీరిక లేదు. వీధిలో రత్నపుర రాయి అంటే, చిన్నబజారులో నా దగ్గర ముత్యాలదండ అన్నట్టే. శని ఇంకా రెండేళ్ళుంటాడు గదా, తొందరేం లేదని బావమరిదికి చెప్పాను. మూడు రోజులు మాట్లాడలేదు.

ఏడో రోజు: గాల్

గాల్ కోటలో పొద్దున్నే నడవాలి. పదైతే రాళ్ళు కాలతాయి. కోట లోపల దుకాణాలన్నీ అందంగా ఉంటాయి, ధరలూ అంతే అందంగా ఉంటాయి.

ఒక గుమ్మంలో ఒకావిడ దిండు మీద లేసు అల్లుతోంది. దీన్ని బీరళు అంటారు. పోర్చుగీసువాళ్ళ నాటి నుంచి ఈ తీరంలో ఉన్న పని. మనకు లేసంటే నరసాపురం, ఒక్క కొక్కెం సూదితో అల్లేది. ఇది వేరు. గుండ్రటి దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కర్ర కండెలను జతలు జతలుగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వేస్తూ పోతుంది. కండెలు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. ఎన్ని కండెలో లెక్కపెట్టబోయి మా తోడల్లుడు రెండుసార్లు తప్పాడు. జానెడు లేసుకు ఆమె చెప్పిన ధర వినగానే మా మరదలు "ఇంతా?" అంది. ఆమె బదులు చెప్పలేదు, అల్లుతూనే ఉంది. పది నిమిషాలు నిలబడి చూశాం. గోరంత పెరిగింది. మా మరదలు బేరమాడకుండా రెండు జానలు కొని, జాకెట్టు చేతులకు వేయించుకుంటానంది. ఆ వారంలో మేం కొన్నవాటిలో నేను షావుకారుపేటలో ఏనాటికీ తేలేనిది అదొక్కటే.

పాత సామాన్ల కొట్లో మా తోడల్లుడు ఒక ఇత్తడి దీపం దగ్గర అతుక్కుపోయాడు. చాలా పాతదని కొట్టాయన ఊరించాడు. 50 ఏళ్ళు దాటిన పురాతన వస్తువులను అనుమతి లేకుండా ఆ దేశం దాటించకూడదు. నిజంగా పాతదైతే చిక్కు, కాకపోతే మోసం, ఏ రకంగా చూసినా వద్దని లాక్కొచ్చాను. బీచ్ దగ్గర ఒక కుర్రాడు సంచిలోంచి తాబేటి చిప్ప దువ్వెన తీశాడు. అదీ నేరమే, పగడపు దిబ్బల ముక్కలూ అంతే. మన తీరానికీ గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు వస్తాయి గదా, దాన్ని చూసి మా ఆవిడ ముఖం తిప్పుకుంది. బుద్ధుడి బొమ్మ ఉన్న చొక్కాలు, సంచులు కూడా కొనకపోవడమే మంచిది. అక్కడివాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. బుద్ధవిగ్రహానికి వీపు చూపించి సెల్ఫీ దిగడమూ తప్పే.

తిరుగుదారిలో మీటియగొడలో చంద్రకాంత శిలలు తవ్వే గుంట చూశాం. అంబలంగొడలో ముసుగులు. కదురు అనే తేలిక కర్రను చెక్కి రంగులేస్తారు. నాగ, మయూర, గరుడ రాక్షస ముఖాలు. గుడ్లు ఉరుముతూ, పళ్ళు బయటపెట్టి ఉంటాయి. రోగాలను తెచ్చే పద్దెనిమిది రకాల దయ్యాలను వదలగొట్టే ఆటలో కట్టేవి వేరే ఉన్నాయి. ఇంట్లో పెట్టుకుంటే దిష్టి తగలదంటారు. మా షాపుకు మయూర ముసుగు ఒకటి కొన్నాను. చెక్కినవాడు కొట్టు వెనకే కూర్చుని ఇంకోటి చెక్కుతున్నాడు. ఊరడిగే పని పడలేదు.

ఎనిమిదో రోజు

తినే సరుకంతా చివరికి మేం కొన్నది సూపర్ మార్కెట్లో. కీల్స్, కార్గిల్స్ ఫుడ్ సిటీ లాంటివి ప్రతి ఊళ్ళో ఉన్నాయి. ఇంత తిరిగి సూపర్ మార్కెట్టేనా అంటే, అవును. టీ, దాల్చినచెక్క, మిరియాలు, కితుల్ బెల్లం అక్కడివాళ్ళు రోజూ కొనే ధరకే ఉంటాయి. కితుల్ అంటే మన జీలుగు చెట్టే. మనం కల్లు తాగేసి ఊరుకుంటాం. వాళ్ళు పాకం కాచి, మట్టి చట్టిలో తోడుపెట్టిన గేదె పెరుగు మీద పోసుకుంటారు. ఆ పెరుగు తిన్నాక మా ఆవిడ రెండు రోజులు నా చేత మజ్జిగ తాగించలేదు.

దాల్చినచెక్క గుర్తు సులువు. అసలైన సిలోన్ చెక్క కాగితంలా పలచగా, పొర మీద పొరగా చుట్ట లాగా ఉంటుంది. వేళ్ళతో నలిపితే పొడవుతుంది. మనకు బజార్లో దొరికేది ఎక్కువగా కాసియా. మందంగా, ఒకే చుట్టు తిరిగి, రాయిలా ఉంటుంది. చుట్ట ఎంత సన్నగా ఉంటే అంత ధర, అన్నింటికంటే సన్నది ఆల్బా. ఈ సిలోన్ చెక్కకు 2022లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది.

ఎయిర్‌పోర్టులో నా తెలివి బయటపడింది. చట్టిని, ముసుగును జాగ్రత్తగా చేతిసంచిలో పెట్టుకుని, చోటుందిగదా అని పక్కనే కితుల్ పాకం సీసా దూర్చాను. వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవం విమానంలోకి రానివ్వరని నాకు తెలియక కాదు. పాకం ద్రవమని తట్టలేదు. సీసా అక్కడే ఉండిపోయింది. మసాలా తోటలో అంటగట్టిన నూనె సీసాలు మాత్రం పెద్ద పెట్టెలో భద్రంగా ఇంటికి చేరాయి.

దిగబెట్టడానికి వచ్చిన తంబి చేతులు కట్టుకుని నిలబడి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు: "అన్నే, మీ ఊరి సరుకు ఏదైనా ఉందా? ఇంట్లో చూపిస్తాను." ఎనిమిది రోజులు ప్రతి వస్తువునూ ఊరు అడిగినవాణ్ణి, నా సంచిలో నా ఊరిది ఏదీ లేదు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న మలైకాజాలు నాలుగు మిగిలితే మొన్ననే తినేశాం. మా ఆవిడ సంచంతా వెతికి చివరికి ఒక మామిడికాయ పచ్చడి ప్యాకెట్ ఇచ్చింది, అదీ కంపెనీ ప్యాకెట్టు.

తర్వాత

కొబ్బరి చిప్ప గరిటె చూసి మా అమ్మ, "మన చిప్పకు అంత దూరం పోవాల్నా?" అంది. అంటూనే మర్నాడు పులుసు దాంతోనే కలిపింది. చట్టి మూతకు అంచున చిన్న పెచ్చు ఊడింది, పని చేస్తోంది. ముసుగును చూసి మనవడు ఏడ్చాడు, ఇప్పుడు షాపు గల్లాపెట్టె వెనక ఉంది. దాని ధర అడిగినవాళ్ళు ఇప్పటికి పదిమంది, అమ్మనని చెప్పినా వినరు.

పది రోజులయ్యాక ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్ళాను. దుర్గం కొండల కింద దూదేకుల ఇళ్ళలో ఆడవాళ్ళు నర్ది, బిక్కి చెక్కలతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. పిడుల మీద సన్నటి నగిషీ ఉంటుంది. వంద కిలోమీటర్ల దూరంలో ఉండి, పాతికేళ్ళుగా ఫ్యాన్సీ షాపు నడుపుతూ, నేను అక్కడ సరుకు కొనడం అదే మొదటిసారి. తంబికి ఒక సెట్టు, లేసావిడకు ఒకటి, షాపులో పెట్టుకోవడానికి రెండు డజన్లు. లేసావిడకు ఎలా చేరుతుందో తంబి చూసుకుంటానన్నాడు.

కాగితంలో చుడుతూ ఆ ఇంటామె అడిగింది, "ఏ ఊరికి పంపిస్తా ఉండారు?"

"కాండీకి."

"అది యాడుందబ్బా? కడప దాటినాకా?"